నిర్మల డ్యూటీలోనే రౌటర్ ఎందుకు పడిపోయింది

మా వృత్తిలో ఒక మూఢనమ్మకం ఉంది. దాని పేరు రీస్టార్ట్.

పెట్టె మొరాయిస్తుంది. కరెంటు తీసి మళ్లీ పెడతాం. లేచి కూర్చుంటుంది. ఎందుకు పడిందో తెలియదు, ఎందుకు లేచిందో తెలియదు. లేచింది కదా, అది చాలు. జ్వరం వచ్చిన బిడ్డకు తాయెత్తు కట్టించి, మూడో రోజు జ్వరం దిగగానే తాయెత్తుకు దండం పెట్టే మనిషిని చూసి మనం నవ్వుతాం. అతని చేతిలో దారం ఉంది, మన చేతిలో స్విచ్చి ఉంది. అంతకు మించి తేడా ఏమిటో నాకు ఎవరైనా చెప్పాలి.

పాతికేళ్లకు పైగా తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో నెట్‌వర్కులు చూసి ఈ మధ్యనే రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఏ పరీక్ష పాసైతే ఏ ఉద్యోగం వస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు. పని ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. ముఖ్యంగా, పాడయ్యేది యంత్రమే అయినా నింద పడేది మనిషి మీద అని చెప్పరు.

శ్రీకాళహస్తిలో నేర్చుకున్న తప్పు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను శ్రీకాళహస్తి పంపారు. అక్కడి రౌటర్ ఉన్నట్టుండి నత్తలా నడుస్తోందన్నారు. వెళ్లాను, ఆపాను, ఆన్ చేశాను. నిమిషాల్లో అంతా బాగుంది. తిరిగొస్తే మా పై అధికారి వీపు తట్టి, ‘నీ చెయ్యి మంచిదప్పా!’ అన్నాడు. నేను పొంగిపోయాను.

నాలుగు రోజులకు అది మళ్లీ అలాగే అయింది. మళ్లీ వెళ్లాను. అలా ఐదుసార్లు బస్సెక్కాను. ఐదోసారి తిరిగొస్తూ బస్సులో కూర్చుని ఆలోచిస్తే నా తెలివి నాకు అర్థమైంది. ప్రాసెసర్‌ను ఏ పని తినేస్తోందో ఆ పెట్టె తన జ్ఞాపకంలో రాసిపెట్టుకుని ఉంటుంది. నేను వెళ్లి మొదట చేసిన పని ఆ జ్ఞాపకాన్ని తుడిచేయడం. పోలీసు వచ్చి ముందు వేలిముద్రలు తుడిచి, ఆ తర్వాత దొంగ కోసం వెతికినట్టుంది నా పని. దాన్ని మెచ్చుకున్న అధికారి మంచివాడే. కానీ మెచ్చుకోవాల్సింది దేన్నో ఆయనకు తెలియదు. ఇలాంటి మంచివాళ్ల కింద ఎక్కువ కాలం పనిచేస్తే మనం పాడైపోతాం.

ఆరోసారి నేను ముట్టుకోలేదు. ముందు చూశాను, రాసుకున్నాను, కారణం దొరికింది. ఆ కారణం చాలా చిన్నది, ఇక్కడ అనవసరం. అప్పటి నుంచి నా జేబులో ఒక చిన్న నోటుపుస్తకం ఉంటోంది. స్విచ్చి మీద చెయ్యి వేయాలంటే ముందు అందులో మూడు విషయాలు రాయాలి: ఎప్పుడు మొదలైంది, ప్రాసెసర్‌ను ఏ పని తింటోంది, ఆ సమయంలో మామూలు కంటే భిన్నంగా ఏం జరిగింది.

గేటూ, గుమాస్తా బల్లా

అసలు కథకు ముందు, ఈ పనిలో లేనివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఒక మాట చెబుతాను.

మామిడి సీజన్‌లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల గేట్లు చూసి ఉంటారు. తోతాపురి కాయల ట్రాక్టర్లు వరుసగా వస్తాయి. గేటు దగ్గర మనిషి చీటీ చూసి, ఇటు పో, అటు పో అని చెయ్యి ఊపుతాడు. అలా ఎన్ని ట్రాక్టర్లయినా సాగిపోతాయి. అదే ప్రతి ట్రాక్టర్ డ్రైవరూ దిగి, లోపల గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్లి, పేరూ ఊరూ పుస్తకంలో రాయించుకుని రావాలంటే? గంటలో క్యూ రోడ్డెక్కుతుంది. గుమాస్తా తల ఎత్తడు. పక్క గేటువాళ్లు పిలిచినా పలకడు.

రౌటర్ కూడా అంతే. సమాచారం ముక్కలు ముక్కలుగా వస్తుంది, వాటిని ప్యాకెట్లంటాం. చాలా ప్యాకెట్లు గేటు దగ్గరే చెయ్యి ఊపితే పోతాయి. కొన్ని మాత్రం గుమాస్తా బల్ల దగ్గరికి రావాలి. ఈ పెట్టెలో గేటు మనిషీ, గుమాస్తా కూడా ప్రాసెసరే. లోడు చూపించే చోట రెండు అంకెలుంటాయి. ఒకటి ప్రాసెసర్ మొత్తం ఎంత పనిలో ఉందో చెబుతుంది. రెండోది అందులో గేటు పనికి ఎంత పోతోందో చెబుతుంది. రెండూ దగ్గరగా ఉంటే ట్రాక్టర్లు నిజంగానే ఎక్కువయ్యాయని అర్థం. రెండింటికీ మధ్య దూరం ఎక్కువగా ఉంటే ఎవరో వాటిని బల్ల దగ్గరికి పంపిస్తున్నారని అర్థం. అప్పుడు ఎవరు పంపిస్తున్నారో వెతకాలి. నేను పాతికేళ్లు చేసిన పనిలో సగం ఇదే.

‘నేను నమ్మను గానీ...’

నా రిటైర్మెంటుకు ఇంకా నెలన్నర ఉందనగా చిత్తూరు నుంచి మునిరత్నం ఫోన్ చేశాడు. చుట్టుపక్కల ఊళ్ల పాల సేకరణ కేంద్రాలు, గుజ్జు ఫ్యాక్టరీలు, కొన్ని ఆస్పత్రులను కలిపే మా ప్రైవేటు నెట్‌వర్కుకు అక్కడ అతను మేనేజరు. నేను తిరుపతిలో ఉండేవాణ్ని, పెద్ద చిక్కులొస్తే వెళ్లేవాణ్ని.

‘అన్నా, మెయిన్ రౌటర్ మూడు వారాలుగా సంపుతా ఉండాది. పెట్టె ముసలిదైపోయింది. కొత్తది కావాలని నువ్వొక మాట రాస్తే హెడ్డాఫీసు ఇంటాది. ఒకసారి వచ్చిపో’ అన్నాడు.

మంగళవారం సాయంత్రం వెళ్లాను. రౌటర్ గది తలుపు మీద పసుపు, కుంకుమ. లోపల పెట్టె మీద నిమ్మకాయ. ఆయుధపూజకు ఇంకా నెలలున్నాయి. ఇదేమిటని అడిగితే మునిరత్నం ఇబ్బందిగా నవ్వి డ్యూటీ రిజిస్టర్ తీసి నా ముందు పెట్టాడు.

ఉదయం డ్యూటీ ఇద్దరిది. సోమ, బుధ, శుక్రవారాలు నిర్మల. మంగళ, గురు, శనివారాలు గుణశేఖర్. మూడు వారాల్లో రౌటర్ తొమ్మిదిసార్లు పడిపోయింది. తొమ్మిదిసార్లూ నిర్మల డ్యూటీలోనే, పదిన్నర దాటాకనే. ప్రతిసారీ ఆమె పేరు పక్కన ఎవరో ఎర్రసిరాతో రాశారు: ‘నిర్మల డ్యూటీలో డౌన్.’ గుణశేఖర్ రోజులన్నీ తెల్లగా ఉన్నాయి.

‘ఎర్రసిరా ఎవరిది?’ అన్నాను.

‘నాదే. గుర్తుకని రాసినా.’ మునిరత్నం గొంతు తగ్గించాడు. ‘ఆఫీసులో అందరూ ఆ పాప పాదం మంచిది కాదంటా ఉండారు. నేను నమ్మను గానీ, రిజిస్టర్ చూడన్నా. నెలాఖరుకి, కొనసాగించే కాంట్రాక్టు వాళ్ల లిస్టు పంపాల. ఈసారి ఆమె పేరు రాయకుండా ఉందామనుకుంటా ఉండా.’

‘నేను నమ్మను గానీ’ అనే మాట మీద నాకు చాలా కాలంగా కోపం. నమ్మేవాడితో వాదించవచ్చు. నమ్మకపోయినా నమ్మినవాడిలాగే పనిచేసేవాడితో ఏం వాదిస్తాం? తన నమ్మకానికి తాను బాధ్యుణ్ని కానంటాడు, కానీ ఎదుటి మనిషి ఉద్యోగం మాత్రం తీసేస్తాడు.

అయితే నా సంగతీ చెప్పాలి. రిజిస్టర్ చూడగానే నా మనసులో వచ్చిన మొదటి మాట ‘ఆపరేటర్ పొరపాటు.’ ఆ అమ్మాయి ఏదో తప్పు కమాండ్ కొడుతోంది అనుకున్నాను. ఆ సాయంత్రమంతా ఆమె మూడు వారాల్లో కొట్టిన కమాండ్లన్నీ ఒక్కొక్కటే చదివాను. ఒక్క తప్పు లేదు. అంటే నేనూ యంత్రాన్ని చూడకముందు మనిషినే వెతికాను. వాళ్లు పాదం అన్నారు, నేను పొరపాటు అన్నాను. వేలు మాత్రం అందరిదీ ఒకే మనిషి వైపు చూపిస్తోంది.

పదకొండు నిమిషాలు

బుధవారం ఉదయం నిర్మల డ్యూటీకి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. డ్యూటీ ఉన్న రోజుల్లో నగరి నుంచి మొదటి బస్సులో వస్తుంది. వాళ్ల నాయన అక్కడ మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. నన్ను చూడగానే అడిగింది:

‘సార్, నన్ను తీసేసేదానికి వచ్చినారా, రౌటర్ చూసేదానికి వచ్చినారా?’

‘రౌటర్ చూడటానికి.’

‘అయితే కూర్చోండి. పదిన్నరకి పడతాది’ అంది, బస్సు టైము చెప్పినట్టు.

నేను ఒకటే షరతు పెట్టాను. పడిపోయినా ఎవరూ రీస్టార్ట్ చేయకూడదు. మునిరత్నం తల గోక్కున్నాడు కానీ ఒప్పుకున్నాడు. నిర్మల మాత్రం వెంటనే అంది: ‘నేను మొదటి రోజే చెప్పినా సార్. మగ్గం ఆగితే, పోగు యాడ తెగిందో చూడకుండా మళ్లీ తిప్పకూడదంటాడు మా నాయన. ఈడ నా మాట ఎవురింటారు?’

పదిన్నర దాటింది. ప్రాసెసర్ లోడు ముప్పై శాతం, అరవై, తొంభై ఏడు. ఫోన్లు మొదలయ్యాయి. ఒక ఫ్యాక్టరీ గేటు నుంచి ఒకాయన అరుస్తున్నాడు: ‘ఈడ ట్రాక్టర్లు రోడ్డెక్కినాయబ్బా! తూకం చీటీలు రాలేదు. రీస్టార్ట్ చేసేదానికి ఇంతసేపా?’ చూడండి, చీటీల మనిషికి కూడా ఆ మంత్రం తెలిసిపోయింది.

మునిరత్నం చెయ్యి రెండుసార్లు స్విచ్చి వైపు పోయింది. రెండుసార్లూ నేను వద్దన్నాను. నిజం చెబితే నా చెయ్యీ అటే లాగింది. ఫోన్లు మోగుతుంటే కళ్ల ముందు అంకెలు చదవడమే ఈ వృత్తిలో కష్టమైన పని. మిగతాదంతా పుస్తకాల్లో దొరుకుతుంది.

రెండు అంకెలు చూశాను. మొత్తం తొంభై ఏడు. గేటు పనికి పోతున్నది పద్దెనిమిది. అంటే ఎవరో బల్ల దగ్గరికి పంపిస్తున్నారు. ఏ పని ఎక్కువ తింటోందో వరుసలో చూపమని అడిగాను. పైన ప్యాకెట్లను ఒక్కొక్కటిగా చూసే పని. దాని కింద చిట్టా రాసే పని, అంటే మేం లాగ్ అనేది. ఆ లాగ్ తెర మీద వరదలా పరిగెత్తుతోంది. ఒక్కో ప్యాకెట్‌కు ఒక్కో వాక్యం.

‘అమ్మా, పదిన్నరకు నువ్వేం మొదలుపెట్టావు?’

‘చెకింగ్ సార్. సీజన్ కదా, ప్రతి బ్రాంచిలో ప్రతి మిషనునీ రోజూ పలకరించి చూడాలని మూడు వారాల కింద సర్క్యులర్ వచ్చింది. పదిన్నరకి అది నడపాల.’

‘ఉన్నావా’ అని అడిగే చిన్న ప్యాకెట్‌ను మేం పింగ్ అంటాం. ఆ చెకింగ్ ప్రోగ్రాం వేల అడ్రసులకు పింగ్ పంపుతుంది. పింగ్‌లు తేలికైనవి, ఆ పెట్టెకు అవి లెక్క కాదు. మరి బల్ల దగ్గరికి ఎందుకు వెళ్తున్నాయి? రౌటర్ గేటులో ఏ ప్యాకెట్‌ను ఏం చేయాలో చెప్పే నియమాల జాబితా తెరిచాను. పైనుంచి నాలుగో లైను: పింగ్ ఏది వచ్చినా పోనివ్వు, కానీ ప్రతిదాన్నీ చిట్టాలో రాయి.

ఆ లైనుకు పైన, ఎవరు ఎందుకు రాశారో చెప్పే వ్యాఖ్య ఒకటుంది. ‘తాత్కాలికం’ అని, పక్కన మూడు ఇంగ్లీషు అక్షరాలు.

‘చెకింగ్ ఆపు’ అన్నాను. ఆపింది. నిమిషంలో లోడు పదకొండుకు దిగింది. అప్పటికి మొదలై పదకొండు నిమిషాలైంది. ఎవరూ స్విచ్చి ముట్టుకోలేదు.

నిర్మల తెర వైపు వంగి చూసింది. ‘ఆ మూడక్షరాలు ఎవురియి సార్?’

‘నావి’ అన్నాను.

ఏడాది కింద ఒక బ్రాంచిలో వైరస్ పట్టిన కంప్యూటర్ ఊరంతా పింగ్‌లు పంపుతుంటే, అది ఎక్కడుందో పట్టుకోవడానికి ఆ లైను రాశాను. ఒక్క పూటలో పట్టుకున్నాను. ఆ లైను తీసేయడం మరిచిపోయాను. మామూలు రోజుల్లో పింగ్‌లు నాలుగైదు కంటే ఎక్కువ రావు కాబట్టి అది కనిపించకుండా కూర్చుంది. సర్క్యులర్ వచ్చాక లేచింది. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ చెకింగ్ మధ్యలో తెగిపోయి లోడు దిగేది. అందరూ స్విచ్చికి దండం పెట్టారు.

మరి గుణశేఖర్ రోజుల్లో?

ఇక్కడ ఒక ముడి మిగిలింది. గుణశేఖర్ కూడా చెకింగ్ నడపాలి కదా. రిజిస్టర్‌లో మంగళ, గురు, శనివారాలు ‘చెకింగ్ పూర్తి’ అని అతని సంతకాలు నిండుగా ఉన్నాయి. నిర్మలను అడిగాను.

‘నా నోటితో ఎందుకు సార్’ అని ఊరుకుంది.

నాకు అర్థమైంది. అయినా ఆ లైను అప్పుడే తీసేయలేదు. తీసేసి ఉంటే రౌటర్ బాగుపడేది, నా చెయ్యి మంచిదనేవాళ్లు, నిర్మల పాదం చెడ్డదిగానే మిగిలేది. యంత్రాన్ని బాగుచేస్తే సగం పనే. మనుషులు ఏం నమ్మి ఆమెను పంపేయబోతున్నారో, అది వాళ్ల కళ్ల ముందే విరగాలి. అందుకు గురువారం దాకా ఆగాలి.

ఫ్యాక్టరీలకు ముందే చెప్పాం, రెండు నిమిషాలు ఇబ్బంది ఉంటుందని. గురువారం నిర్మల నగరిలో ఉంది. గదిలో మునిరత్నం, గుణశేఖర్, నేను. గుణశేఖర్ చెడ్డవాడు కాదు. మాటకారి, అందరికీ సాయం చేస్తాడు. నిమ్మకాయ తెచ్చింది అతనే.

‘నాకు ఆయమ్మ మీద కోపమేం లేదు సార్. ఉన్న మాట అన్నా. నా డ్యూటీలో ఎప్పుడన్నా పడిందా, మీరే చెప్పండి’ అన్నాడు.

‘పడలేదు. సరే, పదిన్నరైంది. రోజూలాగే చెకింగ్ నడుపు’ అన్నాను.

గుణశేఖర్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మౌసు పట్టుకున్నాడు. తెర మీద ఒక విండో తెరిచాడు, మూశాడు. ఇంకొకటి తెరిచాడు. తెర ఒక మూల నుంచి ఇంకో మూలకు చూశాడు. చివరికి నా వైపు తిరగకుండానే అడిగాడు:

‘సార్... దాన్ని యాడ నొక్కాల?’

మునిరత్నం రిజిస్టర్ మీద ఉన్న తన చేతిని మెల్లగా తీసేశాడు. ఎక్కడ నొక్కాలో నేనే చూపించాను. లోడు ముప్పై, డెబ్బై, తొంభై ఆరు. నిర్మల అక్కడికి రెండు గంటల ప్రయాణం దూరంలో ఉంది. నిమ్మకాయ పెట్టె మీదే ఉంది.

చెకింగ్ ఆపించి, నా లైను తీసేసి, మళ్లీ నడపమన్నాను. లోడు పన్నెండు దగ్గర ఆగిపోయింది. చెకింగ్ చివరిదాకా నడిచింది. మూడు వారాల్లో మొదటిసారి.

‘అంతేనా?’ అన్నాడు మునిరత్నం.

‘అంతే. ఉన్న ఇద్దరిలో పని చేసింది ఆమె ఒక్కతే. అందుకే నా తప్పు ఆమె డ్యూటీలోనే బయటపడింది.’

గుణశేఖర్ తల దించుకున్నాడు. ‘ఫోన్లు వస్తా ఉంటే కుదర్లేదు సార్. మొదటి రోజు రేపు చేద్దామనుకున్నా. తర్వాత సంతకం అలవాటైపోయింది’ అన్నాడు. అది నిజమే అయి ఉంటుంది. నా లైను కూడా అలాగే, రేపు తీసేద్దామనుకున్నదే. అందుకే అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. కానీ అతను తన ఖాళీ రోజులను చూపించి ఒక మనిషి పాదం మీద తీర్పు చెప్పాడు. అది మాత్రం అలవాటు అని వదిలేసేది కాదు. అది అతనికి మొహం మీదే చెప్పాను.

గుణశేఖర్ బయటికి వెళ్లాక మునిరత్నం తలుపు దగ్గరికి వేశాడు. ‘అన్నా, వచ్చే నెల రిటైరవతా ఉండావు. ఇప్పుడు నీ పేరెందుకు? సాఫ్ట్‌వేర్ లోపమని రాసేస్తాం. ఆ పాప పేరు లిస్టులో పెట్టేస్తా. అందరికీ మంచిది.’

ఆశ పుట్టలేదని అబద్ధం చెప్పను. పాతికేళ్లలో నా మీద ఒక్క రిమార్కు లేదు. ఆ మధ్యాహ్నం భోజనం చేస్తూ కూడా ఆ మాటే ఆలోచించాను.

ఎర్రసిరా కింద

శుక్రవారం నిర్మల వచ్చింది. జరిగిందంతా చెప్పాను. లిస్టులో ఆమె పేరు ఉందనీ చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె రిజిస్టర్ తీసి, బుధవారం నాటిదీ చేరగా పది ఎర్ర గీతలున్న ఆ పేజీలు ఒక్కొక్కటే తిప్పింది.

మునిరత్నం తెల్ల సిరా సీసా తీసుకొచ్చాడు. ‘ఇదో పాపా, ఇదంతా నేనే చెరిపేస్తా. మనసులో పెట్టుకోవద్దు.’

‘చెరపొద్దు సార్’ అంది. ‘చెరిపేస్తే, ఆడ ఏముండాదో అని అందరూ పేజీని వెలుతురుకి ఎత్తి చూస్తారు. ఉన్నది ఉన్నట్టే ఉండనీండి. దాని కింద, ఎందుకు పడిందో రాయండి.’ తర్వాత నా వైపు తిరిగింది. ‘ఎవురి లైనో కూడా.’

రీస్టార్ట్ చేస్తే ఆధారం పోతుందని పాతికేళ్లు అందరికీ చెప్పిన మనిషిని నేను. సాఫ్ట్‌వేర్ లోపమని రాస్తే నేను చేసేది అదే పని.

నీలిసిరా పెన్ను తీసుకుని మొదటి ఎర్ర గీత కింద రాశాను: ‘కారణం: పింగ్‌లను లాగ్ చేసే పాత నియమం. రాసింది, తీసేయడం మరిచింది నేను.’ పూర్తి పేరుతో సంతకం చేశాను. పదిసార్లు రాశాను. మునిరత్నం పక్కనే నిలబడి చూశాడు. చివరిది అయ్యాక పెన్ను నా చేతిలోంచి తీసుకుని, ‘ఎర్రసిరాతో రాసింది నేను’ అని తన సంతకమూ పెట్టాడు. అది నేను అడగలేదు.

నిర్మల గడియారం చూసింది. పదిన్నర. పెట్టె మీది నిమ్మకాయ తీసి పక్కన పెట్టి, కుర్చీలో కూర్చుని, చెకింగ్ మొదలుపెట్టింది.